పెళ్ళి లైవ్: యూట్యూబ్‌లో బొమ్మ గడులు గడులుగా వస్తోంది, 4కే కెమెరా తెప్పించాలా?

తణుకుతమ్ముడు (కొత్త సభ్యుడు)

అందరికీ నమస్కారం. వచ్చే నెలలో మా చెల్లి పెళ్ళి. ముహూర్తం రాత్రి 2:37కి. అన్నయ్య, వదిన న్యూజెర్సీలో ఉంటారు, వీసా స్టాంపింగ్ గొడవతో రాలేకపోతున్నారు. మేనత్త వాళ్ళు డల్లాస్, పెద్దమ్మ కూతురు మెల్‌బోర్న్. లైవ్ బ్రహ్మాండంగా రావాలని ఇంట్లో అందరి పట్టు.

నిశ్చితార్థానికి ఒకసారి పెట్టించాం. ఫొటోగ్రాఫర్ గారు సోనీ కెమెరా నుంచి హెచ్‌డీఎంఐ వైరు తీసి, క్యాప్చర్ కార్డు (కెమెరా బొమ్మని కంప్యూటర్లోకి తెచ్చే పరికరం) ద్వారా నా ల్యాప్‌టాప్‌కి ఇచ్చారు (ఐ5 ప్రాసెసర్, 8వ జనరేషన్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు). ఓబీఎస్‌లో (లైవ్ పంపే సాఫ్ట్‌వేర్) 1080పి, సెకనుకి 60 ఫ్రేములు, 6000 బిట్‌రేట్ (సెకనుకి పంపే డేటా, కిలోబిట్లలో). నెట్ హాలు వాళ్ళ వైఫై. అందరూ కూర్చుని ఉన్నంతసేపు ఫర్వాలేదు. ఎవరైనా లేచి నడిస్తే చాలు, మొహాలు గడులు గడులు. స్టేజి లైట్ల కింద నల్లటి చారలు పైనుంచి కిందకి పాకుతూ ఉన్నాయి. మధ్యమధ్యలో ఆగిపోయి గుండ్రంగా తిరగడం సరేసరి.

ఇప్పుడు ఆయన 4కే కెమెరా తెస్తాను, 15 వేలు అదనం అంటున్నారు. అది పెడితే ఈ బాధ పోతుందా?

బిట్‌రేట్‌బాబాయ్ (సీనియర్ సభ్యుడు)

పోదు. పెరుగుతుంది. ఆ 15 వేలు జేబులోనే ఉంచండి.

మీరు చెప్పినవి మూడు వేర్వేరు జబ్బులండీ. గడులు వేరు, చారలు వేరు, తిరగడం వేరు. కెమెరా మారిస్తే మూడింట్లో ఒక్కటీ తగ్గదు. ముందు ఇవి చెప్పండి: క్యాప్చర్ కార్డు ఏ రకం, ఎంతకు కొన్నారు? హాల్లో అప్‌లోడ్ స్పీడు ఎంత? డౌన్‌లోడ్ కాదు, అప్‌లోడ్. ఓబీఎస్‌లో స్టాట్స్ విండో తెరిచి చూశారా?

కరీంనగర్_కెమెరా

తమ్మీ, చారల సంగతి నేను చెప్త. గది షట్టర్ తోని వచ్చిన లొల్లి. మన దేశంల కరెంటు 50 హెర్ట్జ్. లైట్ సెకనుకు 100 సార్లు ఎక్కుతది, దిగుతది. మన కంటికి కనవడది గని కెమెరాకు కనవడతది. షట్టర్ (ఒక్కో ఫ్రేముకు కెమెరా వెలుతురు పట్టే టైము) 1/60 సెకను పెడితే గా లెక్కకు కుదరదు, చారలు పాకుతయి. 1/50 పెట్టమను, లేకుంటే 1/100. కెమెరా మెనూల ఎన్‌టీఎస్‌సీ (అమెరికా పద్ధతి) తీసేసి పాల్ (మన దేశం పద్ధతి) పెడితే 25, 50 ఫ్రేములు వస్తయి, 25 పెట్టుండ్రి. ఓబీఎస్‌ల గూడ గంతే పెట్టాలె. కెమెరాల 25 ఉండి ఓబీఎస్‌ల 30 ఉంటే మనిషి నడుస్తుంటే కుదుపులు కనవడతయి.

ఇంకోటి. డెకరేషన్ వాళ్ళు తెచ్చే సస్తా ఎల్‌ఈడీ లైట్లు కొన్ని ఉంటయి, గవి షట్టర్ ఏం పెట్టినా మాట ఇనవు. డిమ్ చేస్తే ఇంకా ఎక్కువ మినుకుతయి. ఫుల్ మీద ఉంచమని ముందే చెప్పి పెట్టుండ్రి.

తణుకుతమ్ముడు

బాబాయ్ గారూ, కార్డు ఆన్‌లైన్‌లో 700కి కొన్నదట. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 4కే అని ఉంది. అప్‌లోడ్ ఆ రోజు మధ్యాహ్నం హాలు ఖాళీగా ఉన్నప్పుడు ఫోన్లో చూస్తే 9 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు) వచ్చింది. స్టాట్స్ విండో అనేది ఒకటి ఉందని ఇప్పుడే తెలిసింది.

కరీంనగర్ అన్నా, షట్టర్ గురించి ఫొటోగ్రాఫర్‌కి ఫోన్ చేసి అడిగాను. 1/60 మీదే ఉందట!

బిట్‌రేట్‌బాబాయ్

చూశారా, ఒక జబ్బు పైసా ఖర్చు లేకుండా పోయింది. ఇక కార్డు, గడులు.

ఆ 700 రూపాయల కార్డు మీద 4కే అంటే, 4కే సిగ్నల్ ఇచ్చినా తీసుకుంటుంది అని మాత్రమే. బయటికి ఇచ్చేది 1080పి. అది కూడా శుభ్రంగా ఇవ్వలేదు. ఆ కార్డులు యూఎస్‌బీ 2 మీద పనిచేస్తాయి, దాని దారి 480 ఎంబీపీఎస్. 1080పి 30 ఫ్రేములు యథాతథంగా పంపాలంటే దాదాపు 1000 ఎంబీపీఎస్ కావాలి. దారి చాలదు గనుక కార్డే ప్రతి ఫ్రేమునీ జేపెగ్ ఫొటోలా నొక్కేసి పంపుతుంది. దాన్ని ల్యాప్‌టాప్ విప్పి మళ్ళీ నొక్కుతుంది. యూట్యూబ్ మూడోసారి నొక్కుతుంది. అమెరికాలో మీ అన్నయ్య చూసేది మూడుసార్లు పిండిన బట్ట. నిజమైన యూఎస్‌బీ 3 కార్డు అద్దెకైనా తెచ్చుకోండి, ల్యాప్‌టాప్‌లో యూఎస్‌బీ 3 పోర్టుకే గుచ్చండి.

గడుల లెక్క ఇదీ. 1080పి అంటే ఫ్రేముకి సుమారు 20 లక్షల 70 వేల చుక్కలు. సెకనుకి 60 ఫ్రేములంటే 12 కోట్లు దాటింది. మీరిచ్చిన బిట్‌రేట్ 6000, అంటే సెకనుకి 60 లక్షల బిట్లు. ఒక్క బిట్టుని 20 చుక్కలు పంచుకోవాలి. ఇంత తక్కువలో కూడా బొమ్మ ఎలా వస్తోందంటే, ఎన్‌కోడరు (బొమ్మని నొక్కి చిన్నది చేసేది) ముందు ఫ్రేముకీ ఈ ఫ్రేముకీ తేడా ఉన్నచోటు మాత్రమే పంపుతుంది. వెనక పూల డెకరేషన్ కదలదు కాబట్టి దానికి ఖర్చు లేదు. అందుకే అందరూ కూర్చున్నప్పుడు మీకు బాగుంది.

పెళ్ళిలో అసలు పరీక్ష తలంబ్రాల దగ్గర. వందల బియ్యపు గింజలు, ఒక్కోటి ఒక్కో దారిన పడుతుంటాయి. ఏ గింజ తర్వాత ఫ్రేములో ఎక్కడ ఉంటుందో ఎన్‌కోడరు ఊహించలేదు. వెనక జరీ చీరలు మెరుస్తుంటాయి, పైన అక్షింతలు, పక్కన నాలుగు ఫ్లాషులు. ఫ్లాష్ వెలిగినప్పుడల్లా ఫ్రేము మొత్తం మారిపోయినట్టే లెక్క. ఉన్న బిట్లన్నీ అక్కడే అయిపోతాయి, మిగతా బొమ్మ గడులైపోతుంది. 4కేలో చుక్కలు నాలుగింతలు, బిట్లు మాత్రం అవే. ఏమవుతుందో మీరే చెప్పండి.

60 ఫ్రేములు క్రికెట్‌కి కావాలి గానీ, పెళ్ళిపీటల మీద కూర్చున్నవాళ్ళకి ఎందుకండీ? 1080పి 25 చేస్తే అదే 6000లో 9 చుక్కలకి ఒక బిట్టు. 720పి 25 చేసి 4000 ఇస్తే 6 చుక్కలకే ఒకటి. నెట్ బలహీనంగా ఉంటే నేను కళ్ళు మూసుకుని 720పి పెడతాను.

ఫోర్‌కే_ఫణి

బాబాయ్ మాటతో సగమే ఏకీభవిస్తాను. చిన్న చానెళ్ళకి 1080పి పంపితే యూట్యూబ్ మామూలుగా హెచ్.264 అనే పాత కోడెక్‌లోనే (వీడియోని నొక్కే పద్ధతి) ఇస్తుంది. అదే 1440పి (1080పికీ 4కేకీ మధ్యది) పంపితే వీపీ9 అనే మెరుగైన కోడెక్‌లో ఇస్తుంది, చూసేవాళ్ళకి ఖచ్చితంగా తేడా కనిపిస్తుంది. వీడియో మీద కుడి క్లిక్ చేసి స్టాట్స్ ఫర్ నెర్డ్స్ తెరవండి, కోడెక్ దగ్గర ఏవీసీ1 (అంటే హెచ్.264) ఉందో వీపీ09 ఉందో కనపడుతుంది. కెమెరా 1080పి అయినా సరే, ఓబీఎస్‌లో అవుట్‌పుట్ 1440పి పెట్టి పంపేవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. ఓబీఎస్ 29.1 నుంచి యూట్యూబ్‌కి హెచ్‌ఈవీసీ, ఏవీ1 అనే కొత్త కోడెక్‌లలో కూడా పంపొచ్చు, అది 2023లోనే వచ్చింది. ఇంకా 720పి అంటూ కూర్చోవడం నాకు నచ్చదు.

బిట్‌రేట్‌బాబాయ్

ఫణీ, ఆ చిట్కా నిజమే, నేనూ వాడతాను, మా ఇంట్లో. 1440పికి యూట్యూబ్ అడిగే బిట్‌రేట్ హెచ్.264లో 15 ఎంబీపీఎస్. తమ్ముడి హాల్లో ఖాళీగా ఉన్నప్పుడే 9. 8వ జనరేషన్ ఐ5లో ఏవీ1 ఎన్‌కోడరు లేనే లేదు. ఉన్నదాంట్లో మాట్లాడుకుందాం.

ఫోర్‌కే_ఫణి

9తో అయితే వద్దులే. నేను ఫైబర్ ఉందనుకున్నా.

నైట్‌షిఫ్ట్_గచ్చిబౌలి

నెట్‌వర్కు పనిలో ఉంటాను కాబట్టి మూడో జబ్బు నాది.

మధ్యాహ్నం 9 వచ్చింది అనే మాటకి విలువ లేదు. సాయంత్రం ఐదొందల మంది వస్తారు, అందులో సగం మంది ఫోన్లు హాలు వైఫైకి తగులుకుంటాయి, మిగతావాళ్ళు అదే టవర్ మీద స్టేటస్‌లు పెడుతుంటారు. యూట్యూబ్‌కి మనం పంపేది ఆర్‌టీఎంపీ అనే పద్ధతిలో, అది టీసీపీ (పోయిన ముక్కని మళ్ళీ పంపే నెట్ పద్ధతి) మీద నడుస్తుంది. దారిలో ఒక ప్యాకెట్ పోతే మళ్ళీ పంపేదాకా వెనకవి క్యూలో ఉంటాయి. క్యూ పెరిగిపోతే ఓబీఎస్ ఫ్రేములు పారేస్తుంది. స్టాట్స్ విండోలో డ్రాప్డ్ ఫ్రేమ్స్ అంటే అదే, తప్పు నెట్‌ది. స్కిప్డ్ ఫ్రేమ్స్, ఎన్‌కోడింగ్ ల్యాగ్ అని పెరిగితే తప్పు ల్యాప్‌టాప్‌ది. ఈ రెండిట్లో ఏది పెరుగుతోందో చూడకుండా సెట్టింగులు మార్చడం దండగ.

చేయాల్సింది: అదే హాల్లో వేరే పెళ్ళి జరిగే రాత్రి వెళ్ళి భోజనాల వేళ కొలవండి. వచ్చిన అప్‌లోడ్‌లో సగం మించి బిట్‌రేట్ పెట్టకండి. ఇంకా మంచి దారి, ఊళ్ళో కేబుల్ ఆపరేటర్ దగ్గర ఫైబర్ ఉంటుంది కదా, రెండు రోజులకి స్టేజి దాకా ఒక వైరు లాగించండి. ల్యాప్‌టాప్‌కి వైఫై ఆపేసి లాన్ కేబులే గుచ్చండి. పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకండి, మేనమామ అడిగినా సరే.

మొబైల్ డేటా మీద నడపాలనుకుంటే ముందు లెక్క చూసుకోండి. 6000 బిట్‌రేట్ గంటకి 2.7 జీబీ తింటుంది. రోజుకి 2 జీబీ ప్లాను ముప్పావు గంటలో హరీ. జీలకర్ర బెల్లం కూడా అవ్వదు.

మన ఊళ్ళ విషయం ఒకటి మరిచిపోవద్దు, కరెంటు. కరెంటు పోయి జనరేటర్ ఎక్కేది పది సెకన్లే కావచ్చు, కానీ రూటర్, దాని పక్కన ఫైబర్ డబ్బా రెండూ ఆరిపోయి మళ్ళీ లేచి లైన్ పట్టుకోవడానికి రెండు మూడు నిమిషాలు. రెండింటికీ చిన్న యూపీఎస్ పెట్టండి. యూట్యూబ్ స్టూడియోలో ఆటో స్టాప్ ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయండి. లేకపోతే సిగ్నల్ పోయిన కాసేపటికి లైవ్ ముగిసిపోతుంది, వాట్సాప్‌లో అందరికీ పంపిన లింకు పనికిరాదు, రాత్రి రెండింటికి కొత్త లింకు పంచుతూ కూర్చోవాలి.

పాలకొల్లు_పిల్లోడు

మధ్యలో ఒక సందేహం. మా ఇంట్లో లైవ్‌కి రెండొందల మంది చేరారు, అప్పట్నుంచి ఆగుతోంది. చూసేవాళ్ళు పెరిగితే మన నెట్ మీద బరువు పడుతుందా?

నైట్‌షిఫ్ట్_గచ్చిబౌలి

పడదు. మన దగ్గర్నుంచి యూట్యూబ్‌కి వెళ్ళేది ఒక్క ధారే. అక్కణ్ణుంచి కాపీలు తీసి పంచేది వాళ్ళ సర్వర్లు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగినప్పుడు ఇస్రో చానెల్‌ని ఒకేసారి 80 లక్షల మందికి పైగా చూశారు. మీ రెండొందల మంది దానికో లెక్కా? ఆ టైముకి మీ నెట్టే ఏదో పడిపోయి ఉంటుంది.

ఎడిసన్_పిన్ని

చూసేవాళ్ళ వైపు నుంచి నేనొక మాట చెప్తాను బాబూ. ఇక్కడ న్యూజెర్సీలో మేం పెళ్ళిళ్ళన్నీ టీవీలోనే చూస్తున్నాం. మీ 2:37 మాకు ముందు రోజు సాయంత్రం 4:07, ఆఫీసు వదిలిపెట్టి పట్టుచీర కట్టుకుని కూర్చుంటాం. బొమ్మ కాస్త మసకగా ఉన్నా సర్దుకుంటాం. శబ్దం లేకపోతే టీవీ కట్టేస్తాం. మొన్న ఒక పెళ్ళిలో కెమెరా మీద ఉన్న మైకే పెట్టారు. మంత్రాలు ఒక్క ముక్క వినపడలేదు, భజంత్రీలు, ఫ్యాను గాలి, పక్కన ఎవరో గుమ్మడికాయ పులుసు గురించి మాట్లాడుకోవడం మాత్రం స్పష్టంగా వినపడింది. పురోహితుడి మైకు నుంచి నేరుగా తీసుకోండి.

ఆగడం కూడా అంతే. ఒక అరనిమిషం ఆలస్యంగా వచ్చినా మాకు తెలీదు, మధ్యలో ఆగితేనే ప్రాణం విసుగు.

బిట్‌రేట్‌బాబాయ్

పిన్నిగారు చెప్పిన చివరి మాట సెట్టింగుల్లో కూడా ఉంది. లేటెన్సీ దగ్గర నార్మల్ పెట్టండి. లో, అల్ట్రా లో అనేవి చూసేవాళ్ళతో మాటామాటా అనుకునే లైవ్‌లకి. నార్మల్‌లో చూసేవాళ్ళ ప్లేయరు కొన్ని సెకన్ల సరుకు ముందే దాచుకుంటుంది, చిన్న చిన్న తడబాట్లు వాళ్ళ దాకా రావు.

సౌండ్ మిక్సర్ లైన్ అవుట్ నుంచి తీసుకుని ఓబీఎస్‌లో వేరే సోర్సుగా పెట్టండి. ధ్వని బొమ్మ కంటే ముందు వస్తుంది, ఎందుకంటే క్యాప్చర్ కార్డు కొంచెం ఆలస్యం చేస్తుంది. ఒకణ్ణి కెమెరా ముందు చప్పట్లు కొట్టమని, సింక్ ఆఫ్‌సెట్ (ధ్వనిని ఆలస్యం చేసే సెట్టింగు) మిల్లీసెకన్లలో సరిచేసుకోండి.

ఉప్పల్_సౌండ్స్

డీజే పాటలు గూడ అదే మిక్సర్ల నుంచి వస్తయ్ కదా, జాగ్రత్త. లైవ్‌ల సినిమా పాట దొరికితే యూట్యూబ్ మీ బొమ్మ తీసేసి ఒక ఫొటో పెట్టేస్తది, మాట వినకపోతే లైవే ఆపేస్తది. పురోహితుని మైకు ఒక్కటే ఆక్స్ అవుట్ (మిక్సర్ల ఇంకో లైను) మీద విడిగా ఇయ్యమని సౌండ్ ఆయనకు చెప్పుండ్రి. ఐదు నిమిషాల పని.

నిర్వాహకుడు

కార్డులు, కెమెరాల అమ్మకం లింకులు ఇక్కడ పెట్టకండి. రెండు తొలగించాం.

కరీంనగర్_కెమెరా

వెలుతురు గురించి ఎవ్వరు చెప్పలే. చీకట్ల ఐఎస్‌ఓ (వెలుతురు పెంచి చూపే కెమెరా సెట్టింగు) పెంచితే బొమ్మంత ఇసుక చల్లినట్టు నాయిస్ వస్తది. గా ఇసుక ప్రతి ఫ్రేముల కదులుతది. మరి బాబాయ్ చెప్పిన లెక్కనే, కదిలినదానికల్లా బిట్లు కావాలె. ఇసుకకే సగం బిట్లు పోతయి, పెండ్లికూతురు మొహానికి ఏం మిగలవు. మండపం ముందు రెండు మంచి సాఫ్ట్ లైట్లు పెట్టి ఐఎస్‌ఓ తగ్గిస్తే, అదే కెమెరా, అదే నెట్, బొమ్మ మారిపోతది. నన్నడిగితే గా 15 వేలల్ల కొంచెం లైట్లకు పెట్టుండ్రి.

సోనీ అయితే మెనూల హెచ్‌డీఎంఐ ఇన్ఫో డిస్‌ప్లే ఆఫ్ చెయ్యాలె, లేకుంటే బ్యాటరీ గుర్తు, ఫోకస్ డబ్బా అన్నీ అమెరికాకు పోతయి. హెచ్‌డీఎంఐ వైరు 10 మీటర్లు దాటనియ్యకుండ్రి. కెమెరా దిక్కు ఉండే చిన్న పిన్ను ఊడుడు మస్తు చూసిన, టేపు వేసి కెమెరాకు కట్టుండ్రి.

తణుకుతమ్ముడు

అందరికీ దండాలు. నైట్‌షిఫ్ట్ గారు చెప్పినట్టే నిన్న రాత్రి అదే హాల్లో తెలిసినవాళ్ళ పెళ్ళికి వెళ్ళి కొలిచాను. భోజనాల వేళ వైఫై అప్‌లోడ్ 1.8. నా ఫోన్లో 4జీ మీద ఒకసారి 3, ఒకసారి అరా. కేబుల్ ఆపరేటర్‌తో మాట్లాడాను, వైరు లాగి 20 ఎంబీపీఎస్ ఇస్తానన్నాడు. ఫొటోగ్రాఫర్ గారు కొంచెం అలిగారు గానీ 4కే మానేసి లైట్లు తేవడానికి ఒప్పుకున్నారు. ఇప్పుడు ఓబీఎస్‌లో ఏమేం పెట్టమంటారు?

బిట్‌రేట్‌బాబాయ్

20 నిలకడగా ఉంటే 1080పికే వెళ్ళండి. అవుట్‌పుట్ మోడ్ అడ్వాన్స్‌డ్. ఎన్‌కోడరు క్విక్‌సింక్ హెచ్.264, మీ ఐ5లోనే ఉంటుంది. రేట్ కంట్రోల్ సీబీఆర్ (బిట్‌రేట్ ఒకేలా ఉంచేది), బిట్‌రేట్ 8000, కీఫ్రేమ్ ఇంటర్వల్ 2 సెకన్లు, ప్రొఫైల్ హై. ఫ్రేములు 25. ఆడియో ఏఏసీ 128, 48 కిలోహెర్ట్జ్. అడ్వాన్స్‌డ్ పేజీలో కంజెషన్ (నెట్ రద్దీ) వస్తే బిట్‌రేట్ దానంతటదే తగ్గించే ఆప్షన్ ఉంటుంది, టిక్ పెట్టండి. నెట్ తడబడితే ఫ్రేములు పారేయడానికి బదులు కాసేపు మసకబడుతుంది, అది నయం.

చానెల్ కొత్తదైతే లైవ్ తెరుచుకోవడానికి 24 గంటల దాకా పడుతుంది, ఇవాళే నొక్కి పెట్టుకోండి. ముందు రోజు ప్రైవేట్‌లో ఒక గంట నడిపి చూడండి. కెమెరా కార్డులో రికార్డింగ్ ఎలాగూ జరుగుతుంది, లైవ్‌లో ఏం పోయినా అది ఉంటుంది.

తణుకుతమ్ముడు

పెళ్ళయింది! వెంటనే రాయలేకపోయాను, అప్పగింతలు, సత్యనారాయణ వ్రతం, ఇంటి నిండా చుట్టాలు.

లైవ్ దాదాపు నాలుగున్నర గంటలు ఒకే లింకు మీద నడిచింది. చారలు లేవు. మొహాలు స్పష్టం. వదిన ఫోన్ చేసి చెల్లి బుగ్గన చుక్క కూడా కనపడిందంది. జీలకర్ర బెల్లానికి ముందు కరెంటు పోయింది. కెమెరా, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద, రూటరు యూపీఎస్ మీద ఉన్నాయి కాబట్టి లైవ్ తెగలేదు, కాసేపు చీకటి మాత్రం ప్రసారమైంది. చాట్‌లో డల్లాస్ మేనత్త "కరెంటు పోయిందా? మన ఊరే!" అని పెట్టింది.

తలంబ్రాల దగ్గర బాబాయ్ గారు చెప్పినట్టే అయ్యింది. బావగారు పళ్ళెం ఎత్తి ఒక్కసారిగా కుమ్మరించినప్పుడు రెండు సెకన్లు గడులు కనపడ్డాయి, వెంటనే సర్దుకుంది. డ్రాప్డ్ ఫ్రేమ్స్ ఆఖరికి 0.1 శాతం. సౌండ్ ఆయన మొదట ఆక్స్ మీద డీజే కూడా కలిపి ఇచ్చాడు, పాట మొదలవ్వకముందే తీయించాను.

ఫోర్‌కే_ఫణి

శుభాకాంక్షలు. 20 ఉంది కదా, 1440పి ఒకసారి ప్రయత్నించాల్సింది :)

తణుకుతమ్ముడు

ముందు రోజు పరీక్షలో పెట్టి చూశాను ఫణి గారూ. ల్యాప్‌టాప్ ఫ్యాను సన్నాయి కంటే గట్టిగా మోగింది, స్కిప్డ్ ఫ్రేమ్స్ పరుగెత్తాయి. వెనక్కి తెచ్చేశా.

పాలకొల్లు_పిల్లోడు

రూటర్‌కి యూపీఎస్ అన్నారు కదా, కంప్యూటర్‌కి వాడే పెద్దదే కావాలా?

నైట్‌షిఫ్ట్_గచ్చిబౌలి

అక్కర్లేదు. రూటర్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులో చూడండి, ఎక్కువ వాటికి 12 ఉంటుంది. అదే వోల్టేజీ ఇచ్చే చిన్న డీసీ యూపీఎస్‌లు దొరుకుతాయి. రూటర్, ఫైబర్ డబ్బా వేర్వేరుగా ఉంటే రెండిటి ఆంపియర్లు కలిపి చూసుకుని కొనండి. కొన్నాక ప్లగ్గు పీకేసి, లైవ్ నడుస్తుండగా ఎంతసేపు ఆగుతుందో ఇంట్లోనే ఒకసారి చూసుకోండి.